తెలుగు విద్యావార్తా జాలస్థలి: పుట్టుక, పరిణామం, భాష

ప్రవేశిక

తెలుగు పత్రికారచన చరిత్ర రాసినవారు సంపాదకీయానికి, సాహిత్యపుటకు, ఆదివారం అనుబంధానికి తగిన స్థానం ఇచ్చారు. విద్యాపుటకు మాత్రం ఆ గౌరవం దక్కలేదు. పరీక్షల తేదీలు, నమూనా ప్రశ్నపత్రాలు, ఉద్యోగ ప్రకటనలు నిండిన ఆ పుటను సాహిత్య విద్యార్థులు వ్యావహారిక అవసరం తీర్చే కాగితంగానే చూశారు. అయితే గత మూడు దశాబ్దాలలో తెలుగు యువత పట్టుదలతో, పదేపదే, కింద గీతలు గీసుకొని మరీ చదివిన తెలుగు వచనం ఏదని అడిగితే, ఆ పుటను, దాని నుంచి పుట్టిన జాలస్థలులను తప్పించి సమాధానం చెప్పలేము.

విద్యకు, విద్యాసాంకేతికతకు సంబంధించిన వార్తలను తెలుగులో అందించే జాలస్థలి ఎలా రూపొందింది, అది ఎవరిని తన పాఠకుడిగా ఊహించింది, ఎలాంటి భాషను స్థిరపరచింది అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘ఈనాడు ప్రతిభ’, ‘సాక్షి ఎడ్యుకేషన్’ దీనికి ప్రధాన ఉదాహరణలు. పరిశీలనకు ఆనుకోలుగా ఖమ్మం జిల్లా కుసుమంచి వంటి మండల కేంద్రాన్ని తీసుకోవడం జరిగింది. విశ్వవిద్యాలయానికి, శిక్షణ కేంద్రాలకు దూరంగా ఉన్న చోటనే విద్యావార్త విలువ స్పష్టంగా తెలుస్తుంది. నగరంలో ఒక ప్రకటన గురించి తెలుసుకోవడానికి పది మార్గాలు ఉంటాయి. మండల కేంద్రంలో ఆ ఒక్క పుటే మార్గమైన కాలం ఉంది.

పూర్వరంగం: బడి లేని పాఠకుడు

తెలుగులో విద్యావార్త పోటీపరీక్షలతో మొదలు కాలేదు. 1874లో కందుకూరి వీరేశలింగం స్థాపించిన ‘వివేకవర్ధని’కి స్త్రీవిద్య ప్రధాన వాదవిషయాలలో ఒకటి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల కృషితో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, శాస్త్రాన్ని దేశభాషలో అందించడమే ధ్యేయంగా పెట్టుకొంది. ఈ రెండు ప్రయత్నాలూ ఊహించిన పాఠకుడు ఒక్కడే: బడికి వెళ్లలేనివాడు, లేదా బడిలో తన భాషలో తనకు కావలసినది దొరకనివాడు.

నిజాం రాష్ట్రంలో ఈ లోటు మరింత తీవ్రం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూ బోధనభాష. తెలుగు మాతృభాషగా ఉన్న విద్యార్థి ఉన్నతవిద్యలోకి మరొక భాష గుండా వెళ్లవలసి వచ్చింది. 1922లో ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’, అదే ఏడు నల్లగొండ నుంచి ‘నీలగిరి’, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ పత్రిక’ వెలువడ్డాయి. ఇవి పుట్టిన నేల కుసుమంచికి పరాయిది కాదు. నేటి ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు జిల్లా నుంచి విడివడి ఏర్పడినదే. 1934లో నిజామాంధ్ర మహాసభ మూడవ సమావేశం ఖమ్మంలో జరిగింది. మాతృభాషలో విద్య, పాఠశాలల స్థాపన, గ్రంథాలయాలు ఆ ఉద్యమం ఎన్నడూ విడిచిపెట్టని కోరికలు.

ఈ దశలో విద్యావార్త అంటే హక్కుకు సంబంధించిన వార్త. బడి ఎందుకు లేదు, ఏ భాషలో ఉండాలి, ఆడపిల్లకు ప్రవేశం ఉందా అన్నవే ప్రశ్నలు. వాటికి పాఠకుడు ఒక సమాజ సభ్యుడిగా జవాబు వెతికేవాడు. తరువాతి దశతో పోల్చడానికి ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

పరీక్ష పుట: సమాజ సభ్యుడి నుంచి అభ్యర్థి దాకా

1974లో విశాఖపట్నంలో ఆరంభమైన ‘ఈనాడు’ తెలుగు దినపత్రిక పంపిణీ పద్ధతిని మార్చింది. తెల్లవారకముందే పత్రిక ఊరికి చేరడం, 1989 నుంచి జిల్లాకొక చిన్న పత్రిక జతపడడం వల్ల మండల కేంద్రంలోని పాఠకుడికి తన ప్రాంతపు వార్త తన ఇంటి ముందుకు వచ్చింది. ఇదే కాలంలో విద్యారంగంలో మరొక మార్పు జరిగింది. 1986 నుంచి ఇంజనీరింగు, వైద్య, వ్యవసాయ కోర్సులకు ఎంసెట్ అమలులోకి వచ్చింది. ఉపాధ్యాయ నియామకాలకు డీఎస్సీ, రాష్ట్ర కొలువులకు గ్రూప్స్ పరీక్షలు గ్రామీణ కుటుంబాల ఆశలకు కేంద్రమయ్యాయి.

అప్పుడు విద్యాపుటకు కొత్త పని ఏర్పడింది. ‘ఈనాడు’కు ‘ప్రతిభ’, ‘ఆంధ్రజ్యోతి’కి ‘దిక్సూచి’, తరువాత ‘సాక్షి’కి ‘భవిత’, ‘నమస్తే తెలంగాణ’కు ‘నిపుణ’ అన్న పేర్లు వచ్చాయి. ఈ పేర్లను ఒక వరుసలో పెట్టి చూస్తే ఒక విషయం తోస్తుంది. ‘వివేకవర్ధని’, ‘విజ్ఞానచంద్రిక’ అన్న పాత పేర్లు జ్ఞానాన్ని సూచిస్తాయి. ‘ప్రతిభ’, ‘నిపుణ’ వ్యక్తి సామర్థ్యాన్ని, ‘దిక్సూచి’, ‘భవిత’ వ్యక్తి వెళ్లవలసిన దారిని సూచిస్తాయి. సమష్టి నుంచి వ్యక్తికి జరిగిన ఈ మార్పు పేర్లలోనే నమోదైంది.

పాఠకుడిని పిలిచే తీరు కూడా మారింది. ‘అభ్యర్థి’ అన్న మాట ఈ పుటలకు మూలస్తంభం. సంస్కృతంలో ‘అభ్యర్థించేవాడు’ అన్న అర్థం గల ఈ పదం ఎన్నికలలో పోటీ చేసేవాడికీ, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాడికీ ఒకే విధంగా వర్తిస్తుంది. హక్కు అడిగే పాఠకుడు అర్హత చూపించుకొనే పాఠకుడయ్యాడు. దీనిని పతనంగా చూడడం తొందరపాటు. కుసుమంచిలోనో, దానికి తూర్పున భద్రాచలం అడవి అంచున ఉన్న మరో ఊరిలోనో తొలితరం చదువరికి, అర్హత ఏమిటో, ఎవరికి రాయాలో, ఏ తేదీలోగా పంపాలో తన భాషలో చెప్పిన పుట సామాజిక న్యాయానికి ఒక సాధనమే. రిజర్వేషను చట్టంలో ఉంటే సరిపోదు; దాని వివరం చేరవలసినవాడికి చేరాలి. ఆ చేరవేత పని చేసింది ఈ పుట.

ఈ పుటకు పరిభాషను సమకూర్చిన సంస్థలలో తెలుగు అకాడమి ముఖ్యమైనది. 1968లో ఏర్పడిన అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యగ్రంథాల కోసం రూపొందించిన పారిభాషిక పదాలు పాఠ్యపుస్తకం నుంచి పోటీపరీక్షకు, పోటీపరీక్ష నుంచి పత్రికకు ప్రవహించాయి. ‘స్థూల జాతీయోత్పత్తి’, ‘ద్రవ్యోల్బణం’, ‘కిరణజన్య సంయోగక్రియ’ వంటి పదాలు పల్లె యువకుడి నోట తడుముకోకుండా పలికాయంటే అందులో ఈ పుటకూ వాటా ఉంది.

పుట నుంచి జాలస్థలికి

దినపత్రికలు అంతర్జాలంలోకి వెళ్లిన తొలినాళ్లలో తెలుగు అక్షరం స్వయంగా ఒక సమస్య. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం దొరికినా, పలు పత్రికలు చాలాకాలం తమ సొంత ఖతులతోనే పుటలను ప్రచురించాయి. ఆ ఖతి లేని యంత్రంలో అక్షరాలు అర్థం లేని గుర్తులుగా కనిపించేవి. వెతుకుడు యంత్రానికి అది తెలుగని తెలిసేది కాదు. యూనికోడ్ వ్యాప్తిలోకి వచ్చాకనే తెలుగు విద్యావార్త వెతికితే దొరికే వార్త అయింది.

పాఠకుడిని జాలస్థలికి అలవాటు చేసినవి ఫలితాలు. పదవ తరగతి ఫలితాలు ఒకప్పుడు పత్రికలో చిన్న అక్షరాలతో, హాల్‌టికెట్ సంఖ్యల వరుసలుగా వచ్చేవి. సంఖ్య కనబడితే ఉత్తీర్ణత, కనబడకపోతే మౌనం. అంతర్జాలంలో ఫలితం రావడంతో ఆ వరుసలు పోయాయి. సంఖ్య ఇస్తే ఒక్కరి మార్కులు మాత్రమే కనిపించే పద్ధతి వచ్చింది. ఊరంతా ఒకే కాగితం మీద వేలు పెట్టి వెతికిన చదువు, ఒక్కొక్కరు ఒక్కొక్క తెరముందు చదివే చదువుగా మారింది. ఫలితాల రోజున ఏర్పడిన ఈ అలవాటే ఆ తరువాత నమూనా పరీక్షలకు, ప్రకటనలకు, పాఠాలకు దారి తీసింది.

2008 మార్చిలో ‘సాక్షి’ దినపత్రిక వెలువడింది. దానికి జోడుగా నడిచిన ‘సాక్షి ఎడ్యుకేషన్’, అప్పటికే పేరున్న ‘ఈనాడు ప్రతిభ’ జాలస్థలి పరస్పరం పోటీ పడుతూ ఒక రూపాన్ని స్థిరపరచాయి. తరగతుల వారీ పాఠ్యసామగ్రి, ప్రవేశపరీక్షలు, ఉద్యోగ ప్రకటనలు, వర్తమాన వ్యవహారాలు, పాత ప్రశ్నపత్రాలు, ఫలితాలు అన్న విభజన ఈ రూపానికి చట్రం. ముద్రితపుటకు స్థలపరిమితి ఉండేది. సంపాదకుడు ఏది ముఖ్యమో నిర్ణయించవలసి వచ్చేది. జాలస్థలికి ఆ పరిమితి లేదు. అందువల్ల ఎంపిక భారం సంపాదకుడి నుంచి పాఠకుడికి బదిలీ అయింది. దీనికి సాంకేతిక కారణం ఎంత ఉన్నా, ఫలితం మాత్రం సాహిత్యపరమైనది: వ్యాసం పోయి అంశం మిగిలింది.

బిట్టు: ఒక వచనప్రక్రియ

ఆ అంశాలలో అతి చిన్నది ‘బిట్టు’. నాలుగు ఐచ్ఛికాలతో కూడిన ఒక వాక్యపు ప్రశ్నకు తెలుగు విద్యార్థిలోకం పెట్టుకొన్న పేరు ఇది. తెలుగు శాఖలు ఇంతవరకు దీనిని ఒక ప్రక్రియగా పరిగణించలేదు. కాని దానికి నిర్మాణ నియమాలు ఉన్నాయి. కర్త చివరకు వస్తుంది లేదా ఖాళీగా ఉంటుంది. క్రియ తరచు లోపిస్తుంది. విశేషణం గుర్తింపు కోసమే ఉంటుంది తప్ప వర్ణన కోసం కాదు. ‘ఫలానా బిరుదు గల కవి’, ‘ఫలానా పత్రిక స్థాపకుడు’ అన్నవి దాని సహజ పదబంధాలు.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడి, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ కొత్త పాఠ్యప్రణాళిక ప్రకటించాక బిట్టుకు అసాధారణమైన సాంస్కృతిక బాధ్యత మీద పడింది. తెలంగాణ చరిత్ర, సంస్కృతి, ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం పరీక్షాంశాలయ్యాయి. అంతవరకు విశ్వవిద్యాలయ వ్యాసాలలో, ప్రాంతీయ పరిశోధకుల గ్రంథాలలో ఉన్న సమాచారం ఒక్కసారిగా విద్యాపుటలకు, జాలస్థలులకు చేరింది. సురవరం, ఒద్దిరాజు సోదరులు, ఆంధ్ర మహాసభలు లక్షలమంది నాలుకల మీద ఆడాయి. మన పరిశోధక పత్రికలు సాధించలేని వ్యాప్తిని బిట్టు సాధించింది. ఇది అంగీకరించవలసిన సత్యం.

నష్టం కూడా అక్కడే ఉంది. కుసుమంచిలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం ఉంది. ఊరివారికి అది పండుగ, మొక్కు, రాతిపని. చరిత్రకారుడికి అది కాకతీయ దేవాలయ వాస్తువుకు ఆధారం. బిట్టుకు అది ‘ఏ జిల్లాలో ఉన్నది?’ అన్న ప్రశ్న. కారణం, సందర్భం, సంశయం బిట్టులో ఇమడవు. చరిత్రలో ‘బహుశా’ అన్న మాటకు ఉన్న స్థానం బిట్టులో లేదు. సరైన జవాబు ఒక్కటే ఉండాలి.

భద్రాచలం ఉదాహరణ ఈ సమస్యను స్పష్టం చేస్తుంది. ఈ ప్రాంతం 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో, ఆ తరువాత ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, పోలవరం ముంపు కారణంగా చుట్టుపక్కల మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరులో పట్టణం కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. ‘భద్రాచలం ఏ జిల్లాలో ఉన్నది?’ అన్న ఒక్క వాక్యానికి కాలాన్ని బట్టి మూడు జవాబులు. ముద్రిత పత్రికకు నెత్తిమీద తేదీ ఉంటుంది కనుక పాత జవాబు పాతదని తెలుస్తుంది. తేదీ లేని జాలపుటలో పాత జవాబు నేటి జవాబులాగే నిలబడి ఉంటుంది.

విద్యాసాంకేతిక వార్త: అందులోని వెలితి

విద్యాసాంకేతికత తెలుగు నేలకు కొత్తది కాదు. 1975–76లో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో జరిగిన ‘సైట్’ దూరదర్శన ప్రయోగానికి ఎంపికైన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరింటిలో కలిపి సుమారు 2,400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ కార్యక్రమాలు చేరాయి. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉపగ్రహ పాఠాల ‘మన టీవీ’ తెలంగాణలో ‘టీ-శాట్’గా మారి ‘విద్య’, ‘నిపుణ’ అన్న రెండు ప్రసారాలతో నడుస్తోంది. 2017లో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’, ‘దీక్ష’ వేదికలను ప్రారంభించింది.

ఇంత చరిత్ర ఉన్నా, సాంకేతికతనే ప్రధాన వస్తువుగా తీసుకొని పరీక్షించే విద్యావార్త తెలుగులో బలపడలేదు. అమెరికాలో 2011లో ఆరంభమైన ‘ఎడ్‌సర్జ్’ ఈ విషయంలో పోల్చదగినది. తరగతి గదిలోకి వచ్చే సాంకేతిక ఉత్పత్తులు ఏమిటి, వాటి వెనుక పెట్టుబడి ఎవరిది, ఉపాధ్యాయుడికి అవి ఏ మేరకు ఉపయోగం అన్న ప్రశ్నల మీద ఆ జాలస్థలి నిలబడింది. 2019లో ‘ఇస్టీ’ అనే ఉపాధ్యాయ సాంకేతిక సంస్థలో భాగమైంది. అక్కడ వార్త ఉపాధ్యాయుడిని, నిర్వాహకుడిని పాఠకులుగా ఊహించింది. తెలుగు జాలస్థలి అభ్యర్థిని ఊహించింది. అందుచేత సాంకేతికత ఇక్కడ వార్తావస్తువు కాలేదు, వార్తావాహనంగానే ఉండిపోయింది.

ఈ వెలితి బయటపడిన సందర్భాలు రెండు. మొదటిది 2020. మార్చిలో బడులు మూతబడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఏ తరగతికి ఏ సమయం అన్నది విద్యావార్త చక్కగా చెప్పగలిగింది. టీవీ లేని ఇంట్లో, సంకేతం అందని గూడెంలో ఆ పాఠం ఎలా అందుతుందన్న ప్రశ్న మాత్రం విద్యాపుటది కాక జిల్లాపుటది అయింది. రెండవది ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో ప్రభుత్వం బైజూస్ సంస్థతో కుదుర్చుకొన్న ఒప్పందం. అదే ఏడు డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ఆ పాఠ్యసామగ్రితో కూడిన ట్యాబులు పంపిణీ అయ్యాయి. 2024 జూలైలో ఆ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఈ రెండు తేదీల మధ్య తెలుగు పాఠకుడికి ఈ విషయం ప్రధానంగా రాజకీయ వార్తగా చేరింది. పాఠం నాణ్యత ఏమిటి, తెలుగులో ఎంత ఉంది, సంస్థ నిలవకపోతే పిల్లవాడి చేతిలోని పరికరం ఏమవుతుంది అన్న విద్యాసంబంధమైన ప్రశ్నలకు నిలకడైన స్థానం ఏ పుటలోనూ లేకపోయింది.

అడవి అంచున పాఠకుడు

కుసుమంచి నుంచి ఖమ్మం మీదుగా తూర్పుకు వెళ్లిన కొద్దీ ఈ ప్రశ్నల తీవ్రత పెరుగుతుంది. భద్రాచలం ఏజెన్సీలో కోయ మాతృభాషగా ఉన్న పిల్లలకు తెలుగు బడిలో నేర్చుకొనే భాష. నిజాం కాలంలో తెలుగు విద్యార్థికి ఉర్దూ ఎలాంటిదో, నేడు కోయ విద్యార్థికి ప్రామాణిక తెలుగు కొంతవరకు అలాంటిది. తెలుగు విద్యావార్త ఈ భేదాన్ని గుర్తించలేదు. అందరినీ ఒకే ‘అభ్యర్థి’గా పిలిచింది.

షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో వెలువడిన మూడవ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అభ్యర్థి దృష్టిలో ఇది అర్హతలలో వచ్చిన మార్పు, ఒక పంక్తి వార్త. పిల్లవాడి దృష్టిలో ఇది తన భాష తెలిసిన ఉపాధ్యాయుడు తన బడిలో ఉంటాడా అన్న ప్రశ్న. 1934 నాటి ఖమ్మం సభ దృష్టితో చూస్తే రెండవదే అసలైన విద్యావార్త. ఒకే సంఘటన ఏ చట్రంలో పెడితే ఎంత కుదించుకుపోతుందో దీనివల్ల తెలుస్తుంది.

నిలవని పుట

చివరగా పరిశోధకులకు నేరుగా సంబంధించిన విషయం. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం, 1956లో పత్రికలకు విస్తరించిన దాని పరిధి, ముద్రితప్రతులను దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. ‘గోలకొండ పత్రిక’ సంచికలను నేడు చూడగలుగుతున్నామంటే గ్రంథాలయాలు వాటిని బైండు చేసి దాచినందువల్ల, ప్రెస్ అకాడమి వంటి సంస్థలు పాత పత్రికలను డిజిటల్ రూపంలోకి తెచ్చినందువల్ల. విద్యావార్తా జాలస్థలికి అటువంటి కాపుదల లేదు. చిరునామా మారితే పుట పోతుంది. సొంత ఖతిలో ఉన్న తొలినాటి పుట దొరికినా చదవడం కష్టం. ఎంసెట్ ఈఏపీసెట్‌గా పేరు మార్చుకొన్నాక పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ వెతికితే తప్ప చరిత్ర అతకదు. పరీక్ష ముగియగానే విలువ తీరిన పుటగా యజమాని దానిని చూస్తాడు. చరిత్రకు మాత్రం అది అప్పుడే విలువ పొందుతుంది.

అందుచేత తెలుగు శాఖల ముందు మూడు పనులు ఉన్నాయి. మొదటిది, ముద్రిత విద్యా అనుబంధాలను జిల్లా గ్రంథాలయాల నుంచి సేకరించి వర్గీకరించడం. రెండవది, జాలస్థలుల పుటలను తేదీతో సహా భద్రపరచడానికి పత్రికా సంస్థలతో ఒప్పందానికి రావడం. మూడవది, బిట్టును, ప్రకటన భాషను, అభ్యర్థి సంబోధనను వచనశైలి అధ్యయనంలో చేర్చడం.

ముగింపు

తెలుగు విద్యావార్త ఒకటిన్నర శతాబ్దంలో హక్కు అడిగే పాఠకుడి నుంచి అర్హత చూపే అభ్యర్థి వైపు, వ్యాసం నుంచి బిట్టు వైపు, తేదీ ఉన్న కాగితం నుంచి తేదీ జారిపోయే తెర వైపు ప్రయాణించింది. ఈ ప్రయాణంలో అది కుసుమంచి వంటి ఊళ్లకు చేసిన మేలు చిన్నది కాదు; ఏ పెద్ద మనిషి సిఫారసూ లేకుండా ఒక ఉద్యోగ ప్రకటన అడవి అంచు దాకా చేరింది. అయితే ఏ తేదీలోగా దరఖాస్తు చేయాలో చెప్పిన ఆ వార్త, చదువు ఎవరి భాషలో, ఎవరి చేతుల మీదుగా, ఏ యంత్రం ద్వారా సాగాలో అడగడం తగ్గించుకొంది. ఆ ప్రశ్నలు అడిగిన పత్రికల చరిత్ర నేడు బిట్లుగా పిల్లలకు కంఠతా వచ్చు. ఆ పత్రికలు అడిగిన ప్రశ్నలనే నేటి తెర మీద మళ్లీ అడిగే విద్యావార్త తెలుగులో రావలసి ఉంది.